బామ్మర్ది పులి

టేకులపల్లిలో మా పెరటి బీర పాదును కోతులు మళ్లీ సగం పీకి పారేసిన రోజు బామ్మర్ది ఒక గుడ్డ పులిబొమ్మ పట్టుకొచ్చాడు.

"మా డాబా మీద గిసుంటిదే పెట్టిన బావా. అప్పటిసంది ఒక్క కోతి రాలే. నా కండ్లార చూసిన."

నా భార్యకు నా చదువుకన్నా తమ్ముడి కళ్ల మీదే గురి. పులి మా ప్రహరీ ఎక్కింది. మర్నాడు ఓ గండు కోతి దాని వీపు మీద కూర్చుని మా బీరకాయే తింది.

"మొఖం గిటు పెడితే ఏం లాభం? అటు తిప్పాలె," అన్నాడు బామ్మర్ది. తిప్పాను. కోతి కూడా అటే తిరిగి కూర్చుంది.

"నీ చేత్తోని పెట్టినవ్ గదా బావా, గందుకే!"

నా భార్య పకపకా నవ్వింది. పాము పగ పన్నెండేళ్లంటారు. బీరకాయ పగకు గడువే లేదని ఆ నవ్వుతో తెలిసింది.

బామ్మర్ది వాళ్లింటికి కోతులు రాని మాట నిజమే. పులి లేకుంటే వచ్చేవని మాత్రం ఎవరు చూశారు? తీసి చూడాలి కదా! ఆదివారం పాస్టరు గారు శత్రువును క్షమించమని చెబుతున్నంతసేపూ నేను వాళ్ల డాబా మీది పులిని దించే దారి వెతికాను. బామ్మర్ది మణుగూరు డ్యూటీకి వెళ్లగానే డాబా ఎక్కి, నీళ్ల ట్యాంకు వెనకున్న దాన్ని గోనెసంచిలో తెచ్చి మా కట్టెల కొట్టంలో దాచాను.

నెల గడిచింది. వాళ్లింటికి ఒక్క కోతీ రాలేదు. బామ్మర్దిని భోజనానికి పిలిచి, కోడికూర వడ్డించాక అన్నాను: "నీ పులి నెల సంది మా కొట్టంలనే ఉన్నది. మరి కోతులేయి?"

బామ్మర్ది చేతిలో ముద్ద ఆగింది. ఆ పూట కూర ఎంత రుచిగా ఉందని!

నా భార్య కళ్లు పెద్దవి చేసింది. "అవ్, నిజమే! నెల సంది మనింటికి సుత రాలే. మా తమ్ముని పులి ఈడున్నది గదా!"

"మా ఇంటికాడ దాని భయం ఇంకా పోలే బావా," అందుకున్నాడు అతను.

"పులీ కాదు, పిల్లీ కాదు! అడవిల తునికి పండ్లు పండినయ్. కోతులన్నీ గటు పోయినయ్!" అన్నాను.

"నీకెట్ల తెలుసు బావా?"

"నా కండ్లార..." అని ఆగిపోయాను. ఒకనాడు, ఒక చెట్టు మీద, నాలుగు కోతుల్ని చూశాను. అంతే. బామ్మర్ది ముద్ద మళ్లీ కదిలింది.

ఇప్పుడు రెండు పులులూ మా ప్రహరీ మీదే ఉన్నాయి. తునికి పండ్లు అయిపోవస్తున్నాయి. కోతులు తిరిగొచ్చి ముందుగా మా పాదునే పీకాలని రోజూ కోరుకుంటున్నాను.