ఎడమ సీటు

మా ఇంట్లో దేవుడి గురించి గానీ డబ్బు గురించి గానీ పెద్దగా గొడవలు జరగలేదు. ఒక కారు సీటు గురించి మాత్రం మా అమ్మా బాపూ సంసారమంతా పోట్లాడుకున్నారు. ఆ సీటులో ఏదో గుచ్చుకుంటుందని అమ్మ. ఏమీ గుచ్చుకోదని బాపు. కారు రోడ్డెక్కిన ఏడాది మొదలైన తగవు, మొన్న దాన్ని అమ్మిన పూట దాకా సాగింది. నువ్వు ఎవరి వైపో చెప్పమని ఇద్దరూ నన్ను అడిగేవాళ్లు. నేను తల దించుకుని అన్నం తినేదాన్ని.

సిరిసిల్లలో బట్ట నేసుకు బతికేవాళ్ల ఇంట్లో ఇంగ్లండు స్పోర్ట్స్ కారు ఏమిటని అందరూ అడుగుతారు. చేతిమగ్గం మానేసి మరమగ్గాలు పెట్టుకున్నాక బాపు చిన్న ఆసామి అయ్యాడు. మరమగ్గాలను మా దగ్గర సాంచాలంటారు. ఒకసారి కథలాపూర్‌లో చుట్టాల పెళ్లికి పోయి, వడ్డనకు ఇంకా టైముందని ఊళ్లో రైస్‌మిల్లు చూడబోయాడట. గోదాములో ఊక బస్తాల వెనక ఒక చిన్న కారు కనిపించింది. రెండే సీట్లు, పొడవాటి ముక్కు, గుండ్రటి లైట్లు, పైన టాపు లేదు. మిల్లు యజమాని తమ్ముడు ఎప్పుడో బొంబాయి నుంచి తెచ్చుకుని, మోజు తీరాక వదిలేశాడు. డ్రైవరు సీట్లో కోడి పొదుగుతోంది. బాపు పెళ్లి భోజనం సంగతి మరిచిపోయి ఆ కారు చుట్టూ తిరుగుతూనే ఉన్నాడని, చివరికి తనే వెళ్లి చెయ్యి పట్టుకుని లాక్కొచ్చానని అమ్మ చెప్పేది.

ఆ కారు ట్రాక్టరు వెనక తాడుతో వేములవాడ మీదుగా మా ఇంటికి వచ్చింది. వీధంతా చూడటానికి వచ్చారు. అమ్మ దాని చుట్టూ ఒకసారి తిరిగి, నన్ను చంకనెత్తుకుని అడిగింది.

"మనం ముగ్గురమైతిమి. గీంట్ల రెండే సీట్లున్నయి. ఎవలను ఇడిసిపెడ్తవ్?"

"నీ ఒళ్లె పిల్ల కూసుంటది," అన్నాడు బాపు. ఆ లెక్క ఆయన దారిలోనే వేసుకొచ్చి ఉంటాడు.

దాన్ని బాగుచేయడానికి ఏళ్లు పట్టింది. రేకు కింద కట్టెతో చేసిన చట్రం ఉండేది, దాన్ని చెదలు తిన్నాయి. గంభీరావుపేటలో ఎడ్లబండ్లు చేసే వడ్రంగి టేకుతో కొత్త చట్రం కట్టి, ఎడ్లను ఎక్కడ కట్టాలో కూడా చెప్తే కాడి చేసిపెడతానని బాపును ఆటపట్టించాడు. కోరుట్ల నుంచి పిలిపించిన మెకానిక్ దగ్గరున్న పానాలు ఒక్కటీ ఆ బోల్టులకు పట్టలేదు. చివరికి మా సాంచాల పానాలు పట్టాయి. సాంచాలు కూడా మొదట ఇంగ్లండు నుంచే వచ్చాయట, రెండింటివీ అంగుళాల కొలతలే. అది తెలిసిన రోజున బాపు మేనరికం కలిసినంత సంబరపడ్డాడు. ఇక రంగంటారా, సాంచాలకు వేయగా మిగిలిన ఆకుపచ్చ పెయింటు ఇంట్లో ఉంది. అదే పూశాడు. టాపు కోసం వెనక గదిలో మూలనపడ్డ మగ్గాన్ని దులిపి, లావు నూలుతో తనే గుడ్డ నేశాడు.

సీట్ల దగ్గరకొచ్చేసరికి ఓపిక అయిపోయిందేమో. రెగ్జిన్ తొడుగులు జగిత్యాలలో ఆటో సీట్లు కుట్టేవాడి దగ్గర కుట్టించాడు. లోపల స్ప్రింగులు మాత్రం పాతవే. ఎడమ సీటులో ఒక స్ప్రింగు విరిగితే దాన్ని సుత్తెతో ఒంచి, తీగతో కట్టి, పైన సాంచాల కాడ మిగిలిన వేస్టు నూలు కుక్కి, అరచేత్తో రెండు దెబ్బలు వేసి, పట్టుపరుపులా ఉందన్నాడు. మా తగవంతా ఆ పరుపు మీదే.

సెలవు రోజుల్లో కోరుట్లలో ఉన్న అమ్మమ్మ ఇంటికి వెళ్లేవాళ్లం. బాపు కుడి సీటులో నిటారుగా కూర్చునేవాడు. అమ్మ ఎడమ సీటులో, ఒక పక్కకు ఒరిగి, ఒక తుంటి మీదే బరువు మోపి కూర్చునేది. నేను అమ్మ ఒళ్లో ఉండేదాన్ని. కాళ్లు పొడుగయ్యాక సీట్ల వెనక, మడిచిపెట్టిన టాపు మీద నా చోటు. ఆ నూలు గుడ్డకు పట్టించిన అవిసె నూనె వాసన నాకు ఇప్పటికీ ఏ అత్తరు కన్నా ఇష్టం. కథలాపూర్ దాటాక రోడ్డుకు రెండు వైపులా పసుపు చేలు ఉండేవి. గాలికి అమ్మ కొంగు వచ్చి నా మొహానికి తగిలేది. అంత సంతోషంగా నేను మళ్లీ ఏ బండిలోనూ ప్రయాణం చేయలేదు.

వానొస్తే టాపు వేసేవాళ్లం. నేసింది గట్టిగానే నేశాడు గానీ, కుట్టు దగ్గర కారేది. అమ్మ అమ్మమ్మకు తీసుకెళ్తున్న సకినాల గిన్నె మూత తీసి నా తల మీద పట్టేది. సకినాలు మెత్తబడేవి. మేడిపల్లిలో చాయ్ కోసం ఆగితే జనం మూగేవాళ్లు. అమ్మ దిగి, నడుం పట్టుకుని, అందరూ వినేలా అనేది.

"ముల్లు మీద కూసున్నట్టున్నది నాకు. జర సూడు అంటె సూడడు."

"ముల్లు లేదు, ఏం లేదు. నీకు కూసునుడు అస్తలేదు," అనేవాడు బాపు.

ఒక్కసారి ఆయన ఆ సీటులో కూర్చుని చూస్తే తేలిపోయేది. కూర్చోలేదు. ఎందుకంటే స్టీరింగు ఇంకొకరి చేతికి ఇచ్చే మనిషి కాదు. సాంచా పాడైతే ఎవరినైనా ముట్టనిచ్చేవాడు గానీ ఆ కారును ముట్టనిచ్చేవాడు కాదు. నేను పెద్దదాన్నై, కోరుట్లలో టీచరు ఉద్యోగం చేస్తూ, సొంత కారులో రోజూ తిరుగుతున్నా సరే, ఆయన కళ్లకు నాకు డ్రైవింగ్ రాదు. తన కారులో తను ఎడమ వైపు కూర్చోవడమనే ఆలోచనే ఆయనకు తట్టలేదు.

ఆ మధ్య బాపు ఎడమ మోకాలు మొరాయించింది. ఆ కారు క్లచ్చు మొండిది, దాన్ని తొక్కితే మోకాలు పోతుందని డాక్టరు చెప్పాడు. నేను నడుపుతాను, నువ్వు పక్కన కూర్చో అన్నాను.

"పక్కపొంటి కూసునుడు నాతోని కాదు బిడ్డ," అన్నాడు. "నడిపేటోనికి ఇచ్చేద్దాం. నిలవెడితె తుప్పు వడ్తది."

నాకు ఏడుపొచ్చింది. ఆ కారు ఎక్కడికీ పోకూడదని గట్టిగానే చెప్పాను. వినలేదు. కోరుట్లలో మా మేనమామ కొడుకు ఫొటోలు తీసి ఫోన్‌లో పెట్టాడు. జగిత్యాల నుంచి ఒక పిల్లల డాక్టరు, పాత బండ్ల పిచ్చి ఉన్నాయన, వచ్చి చూస్తానన్నాడు.

ఇక్కడ మా ఇంటి అలవాటు ఒకటి చెప్పాలి. మా తాత మగ్గం మీద నేసే రోజుల నుంచి, బట్ట తాను పూర్తయ్యాక ఎక్కడ పోగు తెగిందో, ఎక్కడ నేత సన్నబడిందో అక్కడ అంచుకు ఎర్ర దారం ఒకటి ముడేసి షావుకారికి ఇచ్చేవాళ్లు. తాను మొత్తం విప్పి వెతుక్కునే పని షావుకారికి ఉండేది కాదు. బాపు సాంచాలు పెట్టాక కూడా అదే పద్ధతి. దారం లేని చోట లోపం లేదు అన్నది ఆయన మాట. ఆ మాట మీదే బజార్లో ఆయన తల ఎత్తుకుని తిరిగాడు. గొప్పలు చెప్పుకునే మనిషి కాదు గానీ, ఈ ఒక్కటి మాత్రం ఎవరొచ్చినా చెప్పేవాడు.

డాక్టరు వస్తాడనగా బాపు ఎర్ర దారం ఉండ పట్టుకుని కారు చుట్టూ తిరిగాడు. సరిగ్గా పడని తలుపు గొళ్లానికి ఒకటి. స్కూటరుది తెచ్చి బిగించిన వెనక లైటుకు ఒకటి. కదలని స్పీడు ముల్లుకు, తుప్పు పట్టిన అడుగు రేకుకు, కారే కుట్టుకు, రంగు ఉబ్బిన ప్రతి చోటా ఒక్కోటి.

"అమ్ముతున్నవా బాపూ, బోనాలకు ముస్తాబు చేస్తున్నవా?" అన్నాను. పైకి విసుక్కున్నాను గానీ లోపల నాకు సంబరంగానే ఉంది. అన్ని దారాలు చూశాక ఏ మనిషి కొంటాడు?

అమ్మ కూడా వచ్చి చూసింది. ఎడమ సీటు దగ్గర కాసేపు నిలబడింది. దానికి దారం లేదు. నేను అమ్మ మొహం చూశాను. అమ్మ లోపలికి వెళ్లి పొయ్యి ముందు కూర్చుంది.

డాక్టరు పొద్దున్నే వచ్చాడు. దారాలు చూసి నవ్వాడు. సంగతి చెప్పాక నవ్వు ఆపి, ఒక్కో దారం దగ్గరా వంగి శ్రద్ధగా చూశాడు. తర్వాత కారు తీసుకుని వేములవాడ రోడ్డు మీదికి వెళ్లాడు. ఇంకొకరు నడుపుతుంటే ఆ ఇంజను చప్పుడు వినడం బాపుకు అదే మొదటిసారి. చప్పుడు వినిపించినంతసేపూ గేటు పట్టుకుని నిలబడే ఉన్నాడు. తిరిగొచ్చిన డాక్టరు మొహం చూడగానే నాకు అర్థమైంది. ఆయన కారు మీద మనసు పడ్డాడు.

"దారాలున్నయన్నీ చూసిన. ఇంకేమన్న ఉన్నదా అన్నా?" అని అడిగాడు.

"దారం లేని కాడ లోపం లేదు సార్. గది నా మాట," అన్నాడు బాపు.

డాక్టరు తలూపి, మంచినీళ్లు తెచ్చిన అమ్మ వైపు తిరిగాడు. "అమ్మా, మా ఇంటామెకు నడుం నొప్పి. ఆమె కూసునేది గీ ఎడమ సీట్లనే. ఇన్నేండ్లు మీరు కూసున్నరు గదా. దూరం పోతే ఇబ్బంది ఏమన్న ఉంటదా?"

జీవితమంతా ఎవరూ వినిపించుకోని మాటను అమ్మ నోటి నుంచి వినడానికి ఒక మనిషి జగిత్యాల నుంచి వచ్చాడు. ఉన్నది ఉన్నట్టు చెబితే తగవులో అమ్మ గెలుస్తుంది. నడుం నొప్పి ఉన్న ఇల్లాలి కోసం ఆ డాక్టరు వెనక్కి తగ్గినా తగ్గుతాడు, కారు నాకు మిగులుతుంది. కానీ బాపు మాట ఇచ్చి ఇంకా నిమిషం కాలేదు. చెప్పమ్మా అని లోపల అనుకుంటూనే, చెప్పకమ్మా అని కూడా అనుకున్నాను.

అమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంది.

"ఏం గాదు సార్. మంచిగ మెత్తగుంటది. కోరుట్ల దాంక నాకు నిద్రనే వట్టేది," అంది.

బాపు అమ్మ వైపు చూశాడు. అన్నేళ్లు ఆమె చెప్పుకున్న బాధను నమ్మని మనిషి, ఆ మెప్పును నమ్మలేకపోయాడు. మోకాలు పట్టుకుని మెల్లగా కారు చుట్టూ నడిచి, ఎడమ తలుపు తీసి, ఆ సీటులో కూర్చున్నాడు. కూర్చోగానే మొహం మారింది. అటు జరిగాడు, ఇటు జరిగాడు. చివరికి ఒక పక్కకు ఒరిగి, ఒక తుంటి మీద బరువు మోపి, అచ్చం అమ్మ కూర్చున్నట్టే కూర్చుని ఉండిపోయాడు.

"దారం పట్కరా బిడ్డ," అన్నాడు.

తెచ్చిచ్చాను. తొడుగు కుట్టులోంచి దారం దూర్చి ముడి వేశాడు.

"గిక్కడున్నది సార్. అన్నిటికన్న ముందుగాల గిక్కడ కట్టాల్సింది. నేనే సూడలె," అన్నాడు.

"సీటు నేను చేపిచ్చుకుంట అన్నా. బండి తీస్కపోత," అన్నాడు డాక్టరు.

బాపు తలూపాడు గానీ దిగలేదు. తల వంచుకుని అలాగే కూర్చున్నాడు. అమ్మ దగ్గరికి వెళ్లి, తలుపు ఇంకాస్త తెరిచి, చెయ్యి అందించింది.

"లే ఇగ," అంది. "నడుం పట్టుకుంటది."