బ్రేకు కింద ఇరుక్కున్న బూటు

ఇన్నేళ్ళుగా నేను మోస్తున్న బరువు ఒక బూటు. నల్లది, ఎడమకాలిది. ఆ సంగతి నా భార్యకు కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెప్పగలుగుతున్నానేమో. నా పేరు మాత్రం అడగకండి.

తెనాలిలో రేపల్లె రోడ్డు మీద నాకు మెకానిక్ షెడ్డు ఉంది. నేను చెప్పేది అరవయ్యో దశకం నడుమ సంగతి. రేపల్లె రైసుమిల్లు ఆసామి ఒకాయన, స్వదేశం వెళ్ళిపోతున్న ఒక తెల్ల డాక్టరు దగ్గర పెద్ద విదేశీ కారు కొన్నాడు. కారుతోపాటు దాని డ్రైవరు దానియేలు కూడా వచ్చాడు. బాపట్లవాడు, నెమ్మదస్తుడు. ఆ కారులో గేర్లు వాటంతటవే పడేవి. క్లచ్చి లేదు. కింద రెండే పెడళ్ళు. కుడివైపు ఆక్సిలేటరు, దానికి ఎడమపక్క రెండు కాళ్ళు పట్టేంత వెడల్పు బ్రేకు. కొన్న కొన్నాళ్ళకే గేరుబాక్సు పోయింది. దాని సామాను ఎక్కడా దొరకలేదు. మద్రాసులో కూడా చేతులెత్తేశారు. నేను చేస్తానన్నాను. మిలటరీ వేలంలో వచ్చిన జీపు గేరుబాక్సు తెచ్చి దానికి ఎక్కించాను. తెనాలిలో అందరూ నోళ్ళు వెళ్ళబెట్టారు. నేను నేల మీద నడవలేదనుకోండి.

ఇక మిగిలింది పెడళ్ళు. క్లచ్చి పెడల్‌కి చోటు కావాలి. వెడల్పు బ్రేకుని ఎడమవైపు కోసేసి, ఆ చోట జీపు క్లచ్చి పెడల్ బిగించాను. రెంటికీ మధ్య ఎడం బాగా తక్కువ వచ్చింది. క్లచ్చి కడ్డీని కాల్చి ఎడమకి వంచితే సరిపోతుంది. కానీ అంతా మళ్ళీ విప్పాలి. మర్నాడే ఆసామి కొడుకు పెళ్ళి. వేమూరు అవతల ఆడపెళ్ళివారి ఊరికి పెళ్ళికొడుకు ఆ కారులోనే వెళ్ళాలి. మిల్లు మనుషులు షెడ్డు ముందు నిలబడి ‘అయిందా, అయిందా’ అని నన్ను తినేస్తున్నారు.

మా షెడ్డులో చెప్పులు గుమ్మం బయటే విడవాలి. దసరాకి పూజ చేసుకునే పనిముట్లు లోపల ఉంటాయి కదా. ఇక పరాయివాళ్ళ కారులోకి చెప్పులతో ఎక్కడమనేది అసలే లేదు. దానియేలు కూడా అంతే. చెప్పులు విడిచి సీటు కింద పెట్టుకుని ఉత్తకాళ్ళతో నడిపేవాడు. అందుకని ఆ ఎడం నేను ఉత్తకాలితోనే చూశాను. నా కాలు పట్టింది. అతని కాలూ పట్టింది. అటూ ఇటూ నడిపి చూశాం. బాగానే ఉంది.

కారు తీసుకెళ్ళబోతూ దానియేలు మళ్ళీ దిగి వచ్చాడు.

“అన్నా, పెళ్ళికని అయ్యగారు కాకీ బట్టలూ బూట్లూ ఇచ్చారు. బూటుతో అయితే ఇరుకవుద్దేమో. కాస్త ఎడం చేస్తావా?”

“పొద్దున పెళ్ళి పెట్టుకుని ఇప్పుడు విప్పమంటావేంటయ్యా? ఏం కాదు, పో. పెళ్ళయ్యాక తీసుకురా.”

సరేనని వెళ్ళిపోయాడు. అతను బూటు అనగానే నా చూపు ఆ ఎడం మీదికి వెళ్ళింది. అదీ చెప్పాలి. ఇరుకవుతుందని నాకు తెలుసా? తెలుసు. మనిషి చచ్చిపోయేంత ఇరుకని తెలుసా? ఈ ప్రశ్న ఎన్నిసార్లు వేసుకున్నా, నాకు అనుకూలమైన జవాబే వస్తుంది, అందుకే ఆ జవాబుని నేను నమ్మను.

మర్నాడు వేమూరు దాటాక, కాలవకట్ట మలుపులో ఒక కూలిమనిషి గడ్డిమోపు వేసిన సైకిలుని నెట్టుకుంటూ ఎదురొచ్చాడు. కారు ఆగలేదు. అతను అక్కడికక్కడే పోయాడు. కారు తూముగోడకి కొట్టుకుని ఆగింది. పెళ్ళికొడుక్కి ఏమీ కాలేదు. దానియేలుని స్టేషనుకి తీసుకెళ్ళారు. కారుని మిల్లు లారీతో లాగించుకొచ్చి, బ్రేకు ఇనస్పెక్టరు వచ్చి చూసేదాకా ఉంచమని నా షెడ్డులోనే పడేశారు.

అందరూ వెళ్ళాక కారు తలుపు తీసి వంగి చూశాను. బూటు అక్కడే ఉంది. క్లచ్చి తొక్కిన ఎడమ బూటు అంచు బ్రేకు కిందికి దూరిపోయింది. కుడికాలితో ఎంత తొక్కినా బ్రేకు ఆ బూటు మీదే ఆగిపోతుంది గానీ కిందికి దిగదు. కాలు లాక్కున్నాడు, బూటు ఉండిపోయింది. ఒక బూటుతోనే స్టేషనుకి వెళ్ళాడన్నమాట. రెండోది ఏదని ఎవరూ అడిగినట్టు లేదు.

నాకు ఏడుపు రాలేదు. భయం కూడా గుర్తులేదు. బూటు ఊడబెరికి కాలిన ఆయిలు పీపాలో పడేశాను. పెడళ్ళు విప్పాను. కడ్డీని కాల్చి, వంచి, చల్లార్చి, బిగించాను. కొత్తగా కనబడకుండా మసి, గ్రీజు పూశాను. అంత నీటుగా నేనెప్పుడూ పని చేసి ఎరగను.

బ్రేకు ఇనస్పెక్టరు తన బూటుకాళ్ళతో తొక్కి చూశాడు. బ్రేకు చక్కగా దిగింది. “మరి ఎందుకు ఆగలేదోయ్?” అన్నాడు. “పాత అలవాటండి. ఇదివరకు ఎడంపక్క బ్రేకు ఉండేదండి. క్లచ్చినే బ్రేకనుకుని తొక్కుంటాడండి,” అన్నాను. ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ మాట! ఆ తర్వాత ఊరంతా అదే మాట. కోర్టులోనూ అదే.

దానియేలు జైలుకి వెళ్ళాడు. లైసెన్సు పోయింది. చచ్చిపోయిన మనిషి భార్య వేమూరు సంతలో అతని పేరెత్తి శాపనార్థాలు పెట్టేదట. నా పేరు ఆవిడకి తెలియదు. జైలు నుంచి వచ్చాక బాపట్లలో ఒక హాస్టలు గేటు దగ్గర కాపలాకి కుదిరాడు. మళ్ళీ స్టీరింగు ముట్టలేదు, సైకిలు కూడా ఎక్కలేదు. పైగా కార్లవాళ్ళు కనబడితే, పనంటే తెనాలి అన్నదేనని నా దగ్గరికి పంపేవాడు. వచ్చిన పని నేను చేసేవాణ్ణి. సిగ్గనిపించలేదా అంటే, ఏమీ అనిపించేది కాదు. అదే నాకు ఇప్పుడు అసహ్యం.

డెబ్బయ్యో దశకం చివర్లో అతనికి జబ్బు ముదిరిందని తెలిసి, చెప్పేద్దామనే బాపట్ల వెళ్ళాను. మంచం మీద నుంచి లేవలేకపోయాడు. నన్ను చూసి నవ్వాడు. కాసేపటికి తనే ఆ సంగతి ఎత్తాడు.

“ఒక బూటు కారులోనే ఊడిపోయింది గదా, అది ఇరుక్కుందేమోనని జైల్లో అనుకునేవాణ్ణన్నా. కానీ ఇనస్పెక్టరు బూటుకాలితో తొక్కి చూశాడంట కదా. ఇక తప్పు నా కాలిదే అనుకున్నా. అయినా నేను బ్రేకే తొక్కాననిపిస్తది. మరి ఎందుకట్టా అయిందో నీకేమన్నా తెలుసా?”

నోటి దాకా వచ్చింది.

“తెలీదు తమ్ముడూ,” అన్నాను.

తలూపి, కాళ్ళ మీదికి దుప్పటి లాక్కున్నాడు. ఆ వారంలోనే పోయాడు. మట్టి వెయ్యడానికి కూడా వెళ్ళాను.

నన్ను క్షమించమని మిమ్మల్ని అడగను. అది మీ చేతిలో లేదు, అతనా లేడు. అతను అడిగినదానికి జవాబు మాత్రం ఒకరి ముందైనా చెప్పాలి. తెలుసు దానియేలూ. నువ్వు బ్రేకే తొక్కావు.