రేడియేటర్‌లో గంజి

మొన్న ఆదివారం మా వియ్యపురాలు, అంటే మా కోడలి తల్లి, మా ఇంట్లో కొన్నాళ్లుండి తిరుగు ప్రయాణమయ్యారు. స్టేషన్‌లో దింపి వస్తానని మా అబ్బాయి కారు తీశాడు. తీసీ తీయగానే స్టీరింగ్ వెనక ఎర్రటి దీపం వెలిగింది. కూలెంట్ తగ్గిందట. మూత తీసి ఇన్ని నీళ్లు పోయరాదా అన్నాను, అట్లా పోయకూడదమ్మా, కంపెనీ వాళ్ల మనిషే వచ్చి చూడాలి అని వాడు ఫోనందుకున్నాడు. వాడు ఆ ఫోనులో ఉండగానే ఆవిడ తన ఫోనులో తనే ఇంకో బండిని పిలుచుకోవడం, అది వీధి మలుపు తిరిగి రావడం, పెట్టె ఎక్కించుకుని ఆవిడ వెళ్లిపోవడం జరిగిపోయాయి. నేను లోపలికి వెళ్లి కుంకుమ భరిణె, జాకెట్టు ముక్క పట్టుకుని వచ్చేసరికి వాకిట్లో మా అబ్బాయి, కదలని కారు మాత్రమే మిగిలారు.

పాత బళ్లతో కాపురం చేసిన మన ఈడు వాళ్లకు ఆ ఎర్రదీపం చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియదు. మన కాలపు బండి దాహమేస్తే చెప్పేది కాదు. మధ్యదారిలో కూలబడి, పొగ కక్కి, నలుగురిలో పరువు తీసి, అప్పుడు చెప్పేది.

మాది సిరిసిల్ల వైపు నేత కుటుంబం. నేను పెళ్లయి సూరత్ వచ్చేనాటికి మా మామయ్య పాండేసరలో పవర్‌లూమ్‌ల మీద నిలబడీ నిలబడీ మోకాళ్లు అరగదీసుకుని, ఇక నిలబడలేక ఒక పాత వ్యాను కొన్నారు. కార్ఖానాల నుంచి తాకాలు, అంటే మగ్గం దిగిన బట్ట చుట్టలు, రింగ్ రోడ్ మార్కెట్లకు చేరవేయడం పని. మా వీధిలో తెలుగు వాళ్లందరిలోకీ నాలుగు చక్రాల బండి మాకే ఉండేది కాబట్టి కాన్పులకూ, కాలు విరిగిన వాళ్లకూ, ఊరి నుంచి వచ్చే చుట్టాలకూ అదే దిక్కు. మామయ్య దాన్ని ఎంత ముద్దుగా చూసుకునేవారంటే, మా అత్తమ్మ ఆ వ్యానును తన సవతి అని వెక్కిరించేది.

ఆ సవతికి రెండు జబ్బులు. ఒకటి, నీళ్లు తాగడం. పొద్దున నిండుగా పోసిన రేడియేటర్ సాయంత్రానికి సగమయ్యేది. రెండు, పొద్దున్నే స్టార్ట్ కాకపోవడం. మావారు చోక్ లాగి తాళం తిప్పుతుంటే అది మూలిగేది, దగ్గేది, ఊరుకునేది. ఇక మేమంతా వెనక చేరి తోయడమే. మా వీధిలో ఆ వ్యానును ఒక్కసారైనా తోయని మనిషి ఉండడు. ఎప్పటికో అందుకునేది, అందుకోగానే వెనక గొట్టంలోంచి తెల్లటి పొగ గుప్పున వచ్చి తోసిన వాళ్ల ముఖాల మీద పడేది. బ్యాటరీ మార్చాం, ప్లగ్గులు తుడిచాం, నీటి గొట్టాలన్నీ కొత్తవి వేయించాం. రెండు జబ్బులూ ఒక్కచోటి నుంచే వస్తున్నాయని మాలో ఎవరికీ తోచలేదు.

నీళ్లు ఎక్కడ కారుతున్నాయో కనిపెట్టడానికి మామయ్య ఒక ఉపాయం చేశారు. రంగు వేయని తెల్లబట్ట, మగ్గం దిగింది దిగినట్టే తెచ్చి వ్యాను కింద చాపలా పరిచారు. చుక్క ఎక్కడ పడితే రంధ్రం దాని పైనే ఉండాలి గదా. పొద్దున్నే లేచి, మోకాళ్ల నొప్పి మరిచి, బోర్లా పడుకుని ఆ బట్టను అంగుళం అంగుళం తడిమి చూశారు. బట్ట పొడిగా ఉంది. మర్నాడూ అంతే.

“సుక్క లేదు బిడ్డా. మరి నీళ్లు ఏడికి పోతున్నయ్?” అని నన్నే అడిగారు, నాకేదో తెలిసినట్టు.

సరిగ్గా ఆ రోజుల్లోనే మా నాన్న నన్ను చూడడానికి వచ్చారు. నా రెండో కాన్పు సూరత్‌లోనే అయింది. మొన్న కారు ముందు నిలబడి ఫోనులో మాట్లాడిన మా అబ్బాయే అప్పుడు నా ఒళ్లో నెలల పిల్లాడు. వియ్యంకులిద్దరూ బావా అంటే బావా అనుకుంటూ, పొద్దున లేస్తే ఒకరినొకరు ఆటపట్టించుకుంటూ ఉండేవారు. ఒక పొద్దున ఎదురింటి వాళ్ల ఫోనుకు ఊరి నుంచి కబురు వచ్చింది. మా పెదనాన్నకు నోటిమాట పడిపోయింది, కళ్లు తెరిచినప్పుడల్లా గుమ్మం వైపే చూస్తున్నారు, తమ్ముణ్ణి తొందరగా రమ్మన్నారు. నాన్నకు తండ్రి చిన్నప్పుడే పోతే చేయిపట్టి నేత నేర్పి, పెళ్లి చేసి నిలబెట్టింది ఆ అన్నే. ఆ సాయంత్రమే మా వైపు వెళ్లే రైలుంది. అది దాటితే మళ్లీ ఎల్లుండి దాకా ఇంకోటి లేదు.

ఆటోలో వెళ్లిపోతాను బావా అని నాన్న అంటూనే ఉన్నారు. మామయ్య వింటేగా.

“మా ఇంటికొచ్చిన బావను ఆటోల పంపుతమా? నలుగురు జూస్తె ఏమనుకుంటరు?”

మావారు చిన్నగా ఏదో సర్దిచెప్పబోయి, తండ్రి చూపు చూసి ఊరుకున్నారు. మామయ్య మధ్యాహ్నమంతా బండి చుట్టూ తిరిగారు. కంటికి కనపడని సన్న రంధ్రమేదో ఉందని, నీళ్లు వేడికి అక్కడికక్కడే ఆరిపోతున్నాయని, అందుకే బట్టకు తడి అంటడం లేదని ఆయన తీర్మానం. ఊళ్లో చేమగ్గం నేసిన రోజుల్లో పడుగు దారాలకు గంజి పట్టించిన చేయి ఆయనది. గంజి పట్టిస్తే దారం మీది నూగు అణిగి, పోగు గట్టిపడుతుంది. దారాన్ని పట్టి ఉంచేది రంధ్రాన్ని పూడ్చదా అనుకున్నారు. అత్తమ్మ వార్చిన గంజి చిక్కగా ఉన్నది చూసి, వడకట్టి, చల్లార్చి, రేడియేటర్‌లో పోసేశారు. చంటివాడిని ఎత్తుకుని నేను పక్కనే నిలబడి చూశాను. వద్దనడానికి నాకేం తెలుసు. నిజం చెప్పాలంటే ఎంత బాగా ఆలోచించారో అనుకున్నాను.

సాయంత్రం బండి ఒక్క తోపుకే స్టార్టయింది. మామయ్య ముఖం చూడాలి అప్పుడు. నేనూ స్టేషన్ దాకా వస్తానని పిల్లాణ్ణి తీసుకుని ఎక్కాను. నాన్న ముందు సీట్లో సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. ఖటోదరా చేరేసరికి కార్ఖానాల షిఫ్టు మారే వేళయింది, రోడ్డంతా నడిచే వాళ్లు, సైకిళ్లు. ఆ జనంలో అంగుళం అంగుళం కదులుతుండగా వేడి ముల్లు ఎర్రగీత దాటింది, వ్యాను ఒక్కసారి వణికి ఆగిపోయింది. అంతే, ఇక తాళం తిప్పితే మూలగను కూడా లేదు.

మామయ్య దిగి మూత మీద తడిగుడ్డ వేసి తిప్పారు. తెల్లగా ఆవిరి లేచింది. ఆ ఆవిరి అన్నం ఉడికిన వాసన వేసింది. పనికి పోతున్నవాళ్లు ఆగి, ఎవరింట్లో వంటవుతోందా అన్నట్టు చుట్టూ చూశారు. చిక్కబడ్డ గంజి మూతి లోంచి పొంగి కిందికి కారుతుంటే మామయ్య చేతులు రెండూ పక్కకు వేలాడేసి దానివైపే చూస్తూ నిలబడ్డారు. మావారు రోడ్డు మీదికి పరిగెత్తి వచ్చిన ప్రతి ఆటోకూ చేయెత్తారు, ఏదీ ఖాళీ లేదు. ఎట్టకేలకు ఒకటి దొరికింది, నాన్నను ఎక్కించుకుని వెళ్లారు. నేనూ మామయ్యా ఆ వ్యాను దగ్గరే ఉండిపోయాం. పిల్లాడు ఏడుస్తున్నాడు, వాణ్ణి ఊరుకోబెట్టడం కూడా నాకు చేతకాలేదు. చాలాసేపటికి జనంలోంచి మావారూ ఆయన వెనక నాన్నా నడిచి వస్తూ కనిపించారు. సంచి నాన్న భుజానే ఉంది.

“పాయె,” అన్నారు నాన్న.

వ్యానును ఒక టెంపోకు తాడు కట్టి ఇంటికి లాక్కొచ్చాం. మర్నాడు పొద్దున మెకానిక్ వచ్చి ఇంజిన్ పైభాగం విప్పి చూసి, లోపల నీళ్లను ఆపే గాస్కెట్ ఎప్పుడో తెగిందని, నీళ్లు బయటికి కాదు, ఇంజిన్‌లోకే కారుతున్నాయని చెప్పాడు. ఆ తడికే పొద్దున స్టార్ట్ అయ్యేది కాదట, ఆ తెల్లపొగ ఆ నీళ్లేనట. గంజి పోయకపోయినా ఆ బండి స్టేషన్ చేరేదో లేదో చెప్పలేనన్నాడు. ఆ మాట మామయ్య చెవికి ఎక్కలేదు. తన చేత్తో తానే పోశానన్నదొక్కటే ఆయనకు మిగిలింది. మెకానిక్ ఉండగానే ఎదురింటి వాళ్లు కేకేశారు. పెదనాన్న తెల్లవారుజామున పోయారట. ఎండాకాలం, నాన్న చేరే ఎల్లుండి దాకా శవాన్ని ఆపలేమన్నారు.

నాన్న తలస్నానం చేసి వచ్చారు. కంట నీరు లేదు. వాకిట్లో మామయ్య ఒక్కరే కూర్చుని, విప్పిన రేడియేటర్‌లో వేడినీళ్లు పోస్తూ అట్టకట్టిన గంజిని కడుగుతున్నారు. నాన్న వెళ్లి పక్కన కూర్చుని చెంబు అందుకున్నారు.

“జర జరుగు బావా, నేను పోస్త.”

ఒకరు పోయడం, ఒకరు అటూ ఇటూ వంచి కుదపడం, తెల్లటి పొరలు ఊడి మట్టిలోకి జారడం, అంతే. మధ్యాహ్నం దాకా అదే పని. నేను గుమ్మంలో నిలబడి నాన్న ముఖంలోకి చూశాను. నీళ్లు లోపలికే కారుతున్నాయని మెకానిక్ చెప్పినది విన్నాక ఆ పొడి కళ్లను చూస్తే నాకు భయమేసింది. నీళ్లు కాచి కాచి అందించాను.

మర్నాడు నాన్న ఆటోలోనే వెళ్లారు. మామయ్య కూడా అదే ఆటో ఎక్కి స్టేషన్‌కు వెళ్లారు, స్టేషన్‌లో దించి వెనక్కి రావలసిన మనిషి రైలు పెట్టెలోకి కూడా ఎక్కి నాన్న పక్కన కూర్చున్నారు. చేతిలో సంచి లేదు, ఒంటి మీది చొక్కా తప్ప ఇంకోటి లేదు.

“బండి నిన్ను దింపకపాయె. నేనే వస్త,” అన్నారట.

కర్మలన్నీ అయ్యేదాకా మా ఊళ్లోనే ఉండి, ఆ ఇంటి మనిషిలా పనులు చేసి వచ్చారు. వచ్చాక వ్యాను బాగైంది, ఇంకా కొన్నేళ్లు తిరిగింది కూడా. పొద్దున్నే ఉప్పేసుకుని గంజి తాగడం మాత్రం ఆయన మానేశారు. ఇప్పుడు ఆయనా లేరు, నాన్నా లేరు, కుక్కర్లొచ్చాక మా ఇంట్లో గంజి వార్చే పనే లేదు.

ఆ వ్యానుకు ఇప్పటి ఎర్రదీపం ఉండి ఉంటే మామయ్య నాన్నను ఆటోలో పంపేవారా అని మొన్నటి నుంచీ ఆలోచిస్తున్నాను. పంపేవారు కాదేమో, దీపానికి కూడా ఇంత గంజి పోసేవారేమో. మా వియ్యపురాలు రైలెక్కాక ఫోను చేసి, వేళకే చేరానని, మీరు హైరానా పడొద్దని చెప్పారు. ఎవరి బండి చెడినా ఎవరి ప్రయాణమూ ఆగని రోజులొచ్చాయి, మంచిదే. అప్పుడు ఈ సుఖం ఉంటే మా నాన్న తన అన్నను కళ్లతో చూసుకునేవారు. అందుకే ఈ రోజులను ఒక్క మాట అనడానికి నాకు నోరు రాదు. కాకపోతే, దింపలేకపోయానని వెంట రైలెక్కే మనిషి కూడా ఇక కనపడడు. ఆవిడకు బొట్టు పెడదామని తెచ్చిన భరిణె గుమ్మం పక్క గూట్లోనే ఉంది. తీసి లోపల పెట్టబుద్ధి కావడం లేదు.