పద్నాలుగు మెట్లు

పోయిన నెలలో సామానంతా సర్దుకుని హైడెల్‌బర్గ్‌లో మా తమ్ముడి కొడుకు ఇంటికి వచ్చేశాను. మా ఆవిడ పోయాక ఒంటరిగా ఉండడం నాకేమీ కష్టం కాదని మూడేళ్ళపాటు అందరికీ చెప్పి, చివరికి బాత్రూంలో ఒకసారి జారిపడి, ఆ మాట మీద నిలబడలేకపోయాను. ఈ దేశంలో ఇల్లు మారడమంటే పెట్టెలు మోయడం ఒక్కటే కాదని, నాలాగా కుర్రతనంలో వచ్చి ఇక్కడే తల నెరిసినవాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు. అన్‌మెల్డుంగ్ కావాలి, అంటే ఫలానా ఇంట్లో ఉంటున్నామని ఊరి ఆఫీసులో నమోదు, దానికి టెర్మిన్ కావాలి, అంటే ఫలానా రోజు ఫలానా గంటకు రమ్మని ముందే ఇచ్చే సమయం, అన్నిటికంటే ముందు వీధి తలుపు దగ్గర బెల్ పక్కనా ఉత్తరాల పెట్టె మీదా మన పేరుండాలి. పేరు లేకపోతే పోస్టుమనిషి ఉత్తరం వెనక్కి పట్టుకుపోతాడు. మనం లోపల కూర్చుని కాఫీ తాగుతున్నా సరే, లేనట్టే.

"బెల్ మీద మీ పేరు వెయ్యమని ఇంటి ఆఫీసువాళ్ళకి మెయిల్ పెట్టేను పెదనాన్నా, వచ్చేవారం వేస్తారంట," అని మావాడు చెబుతుండగానే, వాడి ఆరేళ్ళ కూతురు నా పాత పెట్టెలో చెయ్యి పెట్టి ఒక చిన్న ఇత్తడి పలక పైకి తీసింది. దాని మీద ఒక జర్మన్ పేరు చెక్కి ఉంది. "వెర్ ఇస్ట్ దాస్?" అంది, ఈయనెవరని. ఆ పిల్లకు మన మాట చక్కగా అర్థమవుతుంది, నోట్లోంచి మాత్రం జర్మనే వస్తుంది. నాకు తెలిసినాయనేనమ్మా అని పలక తీసుకుని జేబులో వేసుకున్నాను. అది అబద్ధం. ఆయన్ని నేను ఎన్నడూ చూడలేదు. నేను పుట్టకముందే ఆయన సముద్రంలో గల్లంతయ్యాడు.

యాభై ఏళ్ళ నాటి మాట ఇది. విశాఖపట్నంలో ఓడలు కట్టే చోట డ్రాయింగు పని నేర్చుకుని, పాతికేళ్ళు దాటీ దాటకుండానే బాల్టిక్ సముద్రం ఒడ్డున ఒక రేవు పట్నంలో అదే పనికి కుదిరాను. అప్పట్లో ఆ ఊళ్ళో తెలుగు మాట వినాలంటే నాతో నేనే మాట్లాడుకోవాలి. ఒక పెద్దావిడ ఇంట్లో, మొదటి అంతస్తులో, గది అద్దెకు దొరికింది. ఆవిడకు అప్పుడు యాభై అయిదు పైనే ఉంటాయి. పెళ్ళి చేసుకోలేదు, తల్లిని చివరిదాకా చూసుకుని ఆ ఇంట్లో ఒక్కతే మిగిలింది. నా చారు పోపు వాసనకు మొదటి వారం కిటికీలన్నీ తెరిచి పెట్టి, రెండో వారం ఒక గిన్నె పట్టుకుని వచ్చి నిలబడింది. ఆదివారం మధ్యాహ్నాలు రేగుపళ్ళంత పుల్లటి ప్లమ్ పళ్ళతో కేకు చేసి నన్ను కూర్చోబెట్టి తినిపించేది. కన్నతల్లి దగ్గరకూడా నేను అంత బుద్ధిగా కూర్చోలేదేమో.

ఆ ఇంటి బెల్ దగ్గర ఆవిడ పేరున్న ఇత్తడి పలక కింద ఇంకో పలక ఉండేది. శనివారం శనివారం రెంటినీ పొడిగుడ్డతో తళతళలాడేలా తుడిచేది. రెండోది తమ్ముడిదని, ఉత్తరం వస్తే వెనక్కి పోకూడదు గదా అని ఒకసారి తనే చెప్పింది. ఆ తమ్ముడు యుద్ధంలో నార్వేలో సిపాయి. సెలవు దొరికింది, మంగళవారం ఓడ ఎక్కుతున్నానని రాసిన ఉత్తరమే ఆఖరిది.

ఆ ఓడ పేరు ఇక్కడ రాయను. రాస్తే ఇంకెవరింట్లోనో ఇంకో పాత గాయం కదులుతుంది. యుద్ధపు ఓడ కాదు, నార్వే తీరం వెంబడి ఊరూరా ఆగుతూ పోయే పాత ఆవిరి ఓడ, మన పల్లె బస్సు లాంటిది. టపా సంచులు, ఉప్పు చేపల పీపాలు, పెళ్ళిళ్ళకు పోయే చుట్టాలు, పంటి నొప్పితో పట్నం వెళ్ళేవాళ్ళు, గొర్రెలు, అన్నీ అందులోనే. ఒక రేవులో ఎక్కి పక్క రేవులో దిగిపోయేవాళ్ళే ఎక్కువ కాబట్టి టిక్కెట్లు ఓడలోనే కోసేవారట, ఎవరెక్కారో రాసుకున్న పుస్తకమూ ఓడలోనే ఉండేదట. యుద్ధం వచ్చాక అదే ఓడలో ఆ ఊళ్ళ జనంతోపాటు జర్మన్ సిపాయిల్నీ ఎక్కించారు. ఆ చలికాలం ఒకనాడు, మధ్యాహ్నానికే చీకటి పడే ఆ తీరాన, జలాంతర్గామి కొట్టిన దెబ్బకు ఓడ నాలుగైదు నిమిషాల్లో మునిగిపోయింది, పుస్తకం కూడా దానితోపాటే పోయింది. చేపలవాళ్ళ పడవలు కొందరిని ఎత్తుకుని ఎవరి ఊరికి వాళ్ళు తీసుకుపోయాయి. ఎందరెక్కారో, ఎవరు మిగిలారో సరిగ్గా చెప్పగలిగినవాళ్ళు లేరు.

మా నాయనమ్మకూ ఇలాంటి తమ్ముడొకడు ఉండేవాడు. రంగూన్‌లో బియ్యం మిల్లులో పని. అదే యుద్ధానికి మనవాళ్ళంతా కొండలూ అడవులూ నడిచి వచ్చేస్తే ఆయన రాలేదు. పన్నెండేళ్ళు ఎదురుచూసి, ఆపైన దర్భలతో మనిషి బొమ్మ కట్టి, దానికి దహనం చేసి, పదిరోజుల కర్మా జరిపించారు. నాయనమ్మ గట్టిగా ఏడ్చింది ఆ రోజేనట, ఆ తరవాతే మళ్ళీ కడుపునిండా తిన్నదట. ఒక ఆదివారం నా వచ్చీరాని జర్మన్‌లో ఈ సంగతి చెబితే పెద్దావిడ నా కప్పులో ఇంకాస్త కాఫీ పోసింది. తరవాత, మీవాళ్ళు తెలివైనవాళ్ళు, నాక్కూడా గడ్డి బొమ్మ లాంటిదే ఒకటి ఉంది, అంది. కోర్టులో కాగితం ఇస్తే మనిషి చనిపోయినట్టు రాసిస్తారట. తల్లి బతికున్నంతకాలం వద్దంది. ఇప్పుడు తను టెర్మిన్ తీసుకుంది, వచ్చే నెలలోనే. ఆ పలక కూడా తీసేసి, తల్లి సమాధి రాయి మీద తమ్ముడి పేరు చెక్కిస్తానంది.

అక్కడితో ఆగి ఉంటే ఎంత బాగుండేది. ఆగనిది నేనే. ఆ ఓడ యుద్ధానికి ముప్ఫై నలభై ఏళ్ళ ముందు మా ఓడల యార్డులోనే కట్టారని మాటల్లో తెలిసింది. అయితే దాని డ్రాయింగులు నేలమాళిగలో ఉంటాయి, చూసి వస్తానన్నాను. ఆవిడ అడగలేదు. మా ఊరివాళ్ళకున్న జబ్బే నాకూ ఉంది. ఎవరైనా కన్నీళ్ళు పెట్టుకుంటే చేతిలో ఏదో ఒకటి పెట్టేదాకా ఊరుకోలేం.

మా డ్రాయింగు ఆఫీసులో చేరిన మొదటి రోజున నేర్పేది ఒకటే. ఏ డ్రాయింగైనా సొరుగులోంచి తీసేముందు గుమ్మం దగ్గర ఉన్న మార్పుల పుస్తకం తెరిచి, దాని తరవాత ఇంకో డ్రాయింగు వచ్చిందా అని చూడాలి. ఓడ పుట్టినప్పుడు ఒకలా ఉంటుంది, పదేళ్ళకు మరమ్మతుకు వచ్చి ఇంకోలా తిరిగిపోతుంది. పాత కాగితం చూసి పని చేస్తే రేకు సరిపోదు, మనిషి చేతులు పోతాయి. విశాఖలో నాకు పని నేర్పిన గురువుగారు ఈ విషయంలో చెవి మెలేసి మరీ చెప్పినవారు. కానీ ఇది ఆఫీసు పని కాదు గదా. భోజనాల వేళ, పుస్తకం కాసే ముసలాయన రొట్టె తినడానికి వెళ్ళినప్పుడు దిగి, సొరుగులో పైనే కనబడిన, గుడ్డ మీద గీసిన పాత డ్రాయింగు తీసి, నాలుగు మధ్యాహ్నాలు కూర్చుని ఆవిడ కోసం నకలు గీశాను. అంత అందంగా నేను మళ్ళీ ఏదీ గీయలేదు.

ఆ ఆదివారం బల్ల మీద పరిచి చూపించాను. ఇదిగో ముందు భాగంలో కింద సిపాయిలు పడుకునే మూడో తరగతి, ఇవిగో తిన్నగా పైకి పోయే మెట్లు, లెక్క పెట్టుకోండి, పద్నాలుగు. కుర్రాడైతే అరనిమిషంలో పైకి వచ్చేస్తాడు అన్నాను, పెద్ద తెలిసినవాడిలాగా. ఆవిడ వేలితో ఒక్కొక్క మెట్టూ తాకుతూ పైకి పోయి, డెక్కు గీత దగ్గర వేలు ఆపి, మా తమ్ముడు బడిలో పరుగు పందేల్లో మొదట వచ్చేవాడు అంది. సోమవారం కోర్టుకు ఫోన్ చేసి టెర్మిన్ రద్దు చేయించుకుంది. నేను సంతోషించాను. ఎంత మంచి పని చేశానో అనుకుంటూ ఈల వేసుకుంటూ ఆఫీసుకు వెళ్ళిన సంగతి ఇప్పటికీ గుర్తుంది. గుర్తొస్తే ఒళ్ళు మండుతుంది.

అప్పటినుంచి ఆవిడకు వేరే లోకం లేదు. నార్వే తీరంలో ప్రతి ఊరికీ ఉత్తరాలు. దెబ్బ తగిలి తెలివి తప్పినవాణ్ణి ఎవరైనా చేరదీశారా, పేరు మరిచిపోయిన మనిషి ఎవరైనా మీ ఊళ్ళో ఉన్నాడా అని. ప్రతి వేసవిలో నా నకలు చుట్టి పట్టుకుని అక్కడికి వెళ్ళేది, వాన నీళ్ళ మరకలతో తిరిగి వచ్చేది. మా ఇంటి మెట్లు పద్దెనిమిది. పైకి ఎక్కుతూ ప్రతిసారీ పద్నాలుగో మెట్టు మీద ఆగి ఊపిరి తీసుకునేది. ఇప్పుడు వాడు బయటి గాలిలోకి వచ్చాడు అనేది నాతో, ఏదో వంట సంగతి చెబుతున్నంత మామూలుగా.

మూడో ఏడు పాత డ్రాయింగులన్నీ సర్ది, పనికిరానివి వేరుచేసే పని మా విభాగానికి వచ్చింది. మార్పుల పుస్తకం దగ్గర పెట్టుకుని ఒక్కొక్కటే చూస్తున్నాను. ఆ ఓడ నెంబరు దగ్గర ఇంకో డ్రాయింగు రాసి ఉంది. యుద్ధానికి చాలా ముందే ఓడ మరమ్మతుకు వచ్చింది. మరమ్మతుల సొరుగులో ఆ కాగితం దొరికింది. ముందు భాగంలో మెట్ల మీద ఎర్ర సిరాతో రెండు గీతలు. చేపలు చెడిపోకుండా పెట్టే చల్లగది కోసం ఆ మెట్లు తీసేసి, పైన రేకు కొట్టి మూసేశారు. కింద పడుకునేవాళ్ళకు ఇక దారి ఒక్కటే, వెనక బాయిలరు పక్కనుంచి ఇరుకు సందు. దెబ్బ తగిలింది బాయిలరు దగ్గరేనని బతికినవాళ్ళు చెప్పినట్టు ఆవిడ నాకు వందసార్లు చెప్పింది. అంటే ముందు భాగంలో కింద ఉన్నవాళ్ళెవరూ పైకి వచ్చి ఉండరు.

ఆ కాగితం చుట్టి కోటు లోపల పెట్టుకుని, ఇవాళ చెప్పేస్తాను, తిట్టినా పడతాను, మళ్ళీ కోర్టుకు నేనే వెంట తీసుకువెళతాను అనుకుంటూ ఇంటికి వచ్చాను. పై మెట్టు దగ్గర నిలబడి ఎదురుచూశాను. బజారునుంచి వచ్చిన ఆవిడ సంచి పట్టుకుని, మెల్లగా లెక్కపెడుతూ ఎక్కుతోంది. పన్నెండు, పదమూడు, పద్నాలుగు. ఆగింది. తల ఎత్తి నన్ను చూసి నవ్వింది. ఆ ముఖం ఇవాళ్టికీ నా కళ్ళముందు ఉంది. నేను కాగితాన్ని వీపు వెనక్కి పెట్టుకుని, సంచి ఇవ్వండి నేను తెస్తాను అన్నాను.

తరవాత చెబుదాంలే అనుకున్నాను. నార్వేనుంచి తిరిగి వచ్చాక, జలుబు తగ్గాక, క్రిస్మస్ అయ్యాక. ఇంతలో నాకు పెళ్ళయింది, వేరే ఇల్లు చూసుకున్నాం. మా ఆవిడకు కూడా చెప్పలేదు. ఏళ్ళు గడిచి ఆ పెద్దావిడ ఆసుపత్రిలో ఉందని తెలిసి వెళితే, మనిషి మంచానికి అతుక్కుపోయి ఉంది. నన్ను గుర్తుపట్టింది. మెట్లు ఎన్ని అంది. నేను చెయ్యి పట్టుకుని పద్నాలుగు అన్నాను. తృప్తిగా కళ్ళు మూసుకుంది. మర్నాడు పోయింది. ఇల్లు కొన్నవాళ్ళు బెల్ మార్చేముందు అడిగి ఆ రెండో పలక నేనే ఊడదీసుకున్నాను. సమాధి రాయి మీద తల్లీ కూతుళ్ళ పేర్లే ఉన్నాయి. తమ్ముడి పేరు చెక్కించేవాళ్ళు లేరు, ఎందుకంటే ఆయన చనిపోయాడని ఏ కాగితమూ లేదు. ఒకసారి ఊరు వెళ్ళినప్పుడు పురోహితుడి దగ్గరకు వెళ్ళి, దర్భల కర్మ ఇంకొకరి కోసం చేయించవచ్చా అని అడిగాను. గోత్రం ఏమిటి బాబూ, మీకేమవుతాడు అన్నాడాయన. లేచి వచ్చేశాను.

మొన్న సాయంత్రం మావాడికి ఇదంతా చెప్పాను. యాభై ఏళ్ళలో మొదటిసారి. వాడు కంప్యూటర్ల మనిషి, పాపం, నన్ను ఓదారుద్దామనే అన్నాడు, "ఇప్పుడైతే పాత డ్రాయింగు తెరవగానే కంప్యూటరే ఎర్రగా చూపించేస్తది పెదనాన్నా. మీ రోజుల్లో అలాంటియి లేవు కదా." ఉందిరా, గుమ్మం దగ్గరే ఉండేది, నేనే చూడలేదు అన్నాను. వాడు ప్లేట్లు తీసి సింకులో పెట్టడానికి లేచాడు.

నిన్న బెల్ పక్కన నా పేరు వేశారు. ఇత్తడి కాదు, ప్లాస్టిక్ కింద దూర్చిన కాగితం ముక్క, నేను పోతే గోటితో లాగేయొచ్చు. ఈ రోజుల్లో అందరివీ అవే. ఎవరూ ఎవరి పేరునూ శనివారాలు తుడవరు, తుడవాల్సినంతకాలం ఎవరూ ఎదురుచూడరు. ఇత్తడి పలకను మళ్ళీ పెట్టెలో పెట్టేశాను. ఆ మనిషి ఎక్కడినుంచో వస్తాడని నమ్మినవాళ్ళు ఇక ఈ లోకంలో లేరు. రాలేడని ఆనాడే తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే ఉన్నాను, నేనూ ఎంతకాలం. ఈ ఇంట్లో లిఫ్టు ఉంది. మోకాళ్ళు నొప్పి పెట్టినా నేను మెట్లమీదే ఎక్కుతున్నాను, మనవరాలు వెనకనుంచి జర్మన్‌లో అంకెలు చెబుతూ వస్తుంది. పద్నాలుగు అనగానే నా కాళ్ళు వాటంతట అవే ఆగిపోతాయి. పిల్ల నన్ను దాటుకుని పైకి పరుగెత్తుతుంది. ఆవిడ అక్కడ నిలబడి ఊపిరి తీసుకునేది. నాకు ఊపిరి ఆడదు.