రేకుతో చేసిన తెల్ల అంబాసిడర్

మొన్న ఆదివారం కొండాపూర్‌లో ఒక పెద్ద మాల్‌కు వెళ్ళాం. మా ఆవిడ చీరల దుకాణంలో కూర్చుంటే గంటకు తక్కువ లేవదు కనుక నేను ఊరికే పై అంతస్తుకు వెళ్ళాను. అక్కడ ఒక అద్దాల గదిలో పదిమంది బల్లల ముందు వంగి కూర్చుని ప్లాస్టిక్ ముక్కలతో బుల్లికార్లు అతికిస్తున్నారు. నేర్పే అతను చెవికి మైకు తగిలించుకుని, నేను గుమ్మంలో ఆగడం చూసి, "రండి సార్, బిగినర్స్ బ్యాచే ఇది. మన హైదరాబాద్‌లో ఈ హాబీ ఇంతకుముందు ఎవరికీ తెలీదండి, మేమే మొదలుపెట్టాం" అన్నాడు. అరికాలి మంట నెత్తికెక్కింది నాకు. ఎవరికీ తెలియదట! గొంతు దాకా వచ్చిన మాటను మింగి కిందికి దిగి వచ్చేశాను కానీ, ఆ మంట మాత్రం ఇంటికి వచ్చి మజ్జిగ తాగినా చల్లారలేదు. నా వయసువాళ్ళు, తొంభైల చివర్లో మాదాపూర్ రాళ్ళ మధ్య ఉద్యోగాలు చేసినవాళ్ళు ఎవరైనా చదువుతుంటే వాళ్ళకైనా చెప్పుకుందామని ఇది రాస్తున్నాను.

అప్పుడు మేం చేసే పని వినడానికి ఘనంగా ఉండేది, చేయడానికి మాత్రం పప్పులో రాళ్ళేరినట్టుండేది. ఎప్పుడో ఎవరో తేదీల్లో సంవత్సరానికి రెండంకెలే వేసి రాసిపెట్టిన పాత ప్రోగ్రాములను, రెండు వేల సంవత్సరం వచ్చి మీద పడేలోగా వరస వరసా చదివి సరిచేయాలి. కాకినాడ నుంచి వచ్చి కొండాపూర్‌లో రెండు గదుల కిరాయి ఇంట్లో కాపురం పెట్టిన నాకు, రోజంతా తెర మీద అంకెలు చూసి చూసి, చేత్తో పట్టుకోగలిగే పని ఏదైనా ఉంటే బాగుండునని పిచ్చి ఆశగా ఉండేది. అలాంటి సమయంలో విదేశంలో ఆరు నెలలు పనిచేసి వచ్చిన మా పక్క సీటాయన అందరికీ చాక్లెట్లిచ్చి, నాకు మాత్రం ఒక అట్టపెట్టె ఇచ్చాడు. విప్పితే అందులో విడివిడి ముక్కలుగా ఒక కారు ఉంది. అసలు కారులో ఇరవై నాలుగో వంతు అని పెట్టె మీద ఉంది. మిగతా వివరమంతా నాకు తెలియని ఏదో లిపిలో రాసి ఉంది.

ఇంజనీరింగ్ చదివినవాణ్ణి, ఇదెంత పని అనుకున్నాను. నాలుగు రోజుల తర్వాత చూసుకుంటే నా వేలిముద్రలన్నీ కారు మీదే ఉన్నాయి, జిగురు ఆవిరి పట్టి ముందు అద్దానికి శుక్లం వచ్చింది, ఒక చక్రం నేలకు ఆనదు. మా ఆవిడ దాన్ని చూసి, పాపం ఎక్కడ గుద్దారండీ అని అడిగింది. రంగు వేస్తే లోపాలన్నీ కప్పబడిపోతాయని ఎవరో అంటే, ఏ రంగు వేయాలో అడుగుదామని ఆఫీసుకు తీసుకువెళ్తూ, దారిలో మా ఆఫీసు వ్యాను డ్రైవరు కంట పడ్డాను.

ఆయన నాకంటే పది పన్నెండేళ్ళు పెద్ద. మెదక్ వైపు మనిషి, కాపురం హఫీజ్‌పేట్ స్టేషను అవతల. ఇరవయ్యేళ్ళ పాటు జీడిమెట్లలో ఒక షెడ్డులో సొట్టలు పడిన బండ్లు సాపు చేసి రంగు వేసేవాడు. రంగు పొగకు ఊపిరి అందడం కష్టమై, దవాఖానలో డాక్టరు ఆ పని మానమంటే, మా కంపెనీకి బండ్లు పెట్టే కాంట్రాక్టరు దగ్గర డ్రైవరుగా చేరాడు. నా చేతిలోని కారును అటూ ఇటూ తిప్పి చూసి, "బండి మంచిగుంది గని సార్, జర నాకియ్యుండ్రి, రంగు నేనేసిస్త" అన్నాడు. ఇచ్చాను. మర్నాడు ఆయన తెచ్చి చూపించింది కారు కాదు. బండికి వాడే రంగులో బండికి వాడే థిన్నరు కలిపి కొట్టాడట, ప్లాస్టిక్ కాస్తా మెత్తబడి పైకప్పు సీట్లలోకి కూర్చుండిపోయింది. ఇరవయ్యేళ్ళూ ఇనుముతో పనిచేసినవాడికి ప్లాస్టిక్ కరుగుతుందని ఎలా తెలుస్తుంది? ఆ సంగతి ఇప్పుడంటున్నాను కానీ, ఆ పూట మాత్రం ఆయన్ను మనసులో నానా మాటలూ తిట్టుకున్నాను. ఆయన తల వంచుకుని నిలబడి, "ఫికర్ చెయ్యకుండ్రి సార్, రేకుతోని చేద్దాం. అది కరగది" అన్నాడు.

అలా మొదలైంది నా అసలు చదువు. భోజనాల వేళ పార్కింగు షెడ్డు వెనక, ఆదివారాలు హఫీజ్‌పేట్‌లో ఆయన ఇంటి ముందు అరుగు మీద కూర్చునేవాళ్ళం. ఏ కారు చేయాలన్న విషయంలో వాదనే లేదు, అంబాసిడరే చేయాలన్నాడు, అందులోనూ తెల్లది. మా ఆఫీసుకు ఎవరో అధికారి వచ్చిన రోజున ఆ అధికారి తెల్ల అంబాసిడర్‌ను నేను దర్జీ టేపుతో కొలిచి, ఇరవై నాలుగుతో భాగించి, కాగితం మీద గీతలు గీసి ఘనంగా అందించాను. ఆయన ఆ కాగితం చూశాడు, మడిచి జేబులో పెట్టుకున్నాడు, వెళ్ళి ఆ బండి పైకప్పు మీద అరచెయ్యి ఆనించి కళ్ళు మూసుకుని ముందు నుంచి వెనక్కి ఒకసారి నడిచాడు. నూనె డబ్బా రేకు మీద చిన్న సుత్తితో ఆయన తీసిన ఆ వంపు నా లెక్కకు రవ్వంత ఎక్కువే వచ్చింది, చూపుకు మాత్రం అది అంబాసిడరే. నా లెక్క ప్రకారం చేసి ఉంటే ఆ పైకప్పు సబ్బుపెట్టె మూతలా ఉండేది.

నాకు సుత్తి ఇవ్వలేదు. షెడ్డులో కొత్తగా చేరినవాడికి ఆరునెలల దాకా సుత్తి ఇవ్వరట, ముందు నీళ్ళలో తడిపిన గరుకు కాగితం పట్టి రుద్దాలట. నా డిగ్రీలు చూసి ఆయన ఆ ఆచారాన్ని సడలించలేదు. సొట్టలు పూడ్చే లప్పం పెట్టడం, ఎండబెట్టడం, రుద్దడం, మళ్ళీ లప్పం పెట్టడం, ఇంతే నా పని. గోళ్ళు అరిగిపోయి మా ఆవిడ పెట్టిన ఆవకాయ అన్నం కలుపుకుంటే వేళ్ళు చురచురలాడేవి. తొందరపడి తడి మీదే రుద్దితే చేతి మీద చిన్న దెబ్బ వేసి, "ఎండనియ్యి తమ్మీ, ఏం తొందర, రైలు పోతున్నదా?" అనేవాడు. వ్యానెక్కితే సార్, గరుకు కాగితం పట్టుకుంటే తమ్మీ. మొదటిసారి ఆ పిలుపు విన్నప్పుడు, నిజం చెప్పొద్దూ, కొంచెం ఉలిక్కిపడ్డాను. తర్వాత తర్వాత ఆ పిలుపు కోసమే ఆదివారం ఎప్పుడొస్తుందా అని చూసేవాణ్ణి.

కొత్త చొక్కా కాలరులో పెట్టే పారదర్శకపు పట్టీ కారుకు అద్దాలైంది. పాత హవాయి చెప్పులు కోసి టైర్లు చేశాం. రంగు కొట్టే యంత్రం లేదు కనుక దోమల మందు కొట్టే చేతిపంపు కడిగి అందులో పలచటి రంగు పోశాడు. నేను కొడితే నారింజ తొక్కలా గరుకు తేలింది, ఆయన ముక్కుకు తువ్వాలు కట్టుకుని దూరం నుంచి ఊపిరి బిగబట్టి కొడితే పాల మీగడలా పరుచుకుంది. అది ఆయన ఛాతీకి పడని పనని తెలిసి కూడా నేను వద్దనలేదు. పని పూర్తయిన రోజున ఆయన భార్య పసుపు, కుంకుమ తెచ్చింది. బండి అన్నాక చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించాలి కదా, జానెడు బండికి నిమ్మకాయ ఏం సరిపోతుందని నాలుగు రేగుపళ్ళు పెట్టి మెల్లగా ముందుకు తోశారు. నేను నవ్వాను, వాళ్ళు నవ్వలేదు.

ఆ రోజే ఆయన ఒక మాట అన్నాడు. బండి తలుపు మీద వేలు రాస్తూ, "మా పని గిట్లనే ఉంటది తమ్మీ. మంచిగ చేస్తే బండికి దెబ్బ తాకిందన్న సంగతే తెల్వది. ఇగ చేసినోడు ఎవరికి యాదికుంటడు?" అన్నాడు. ఆ తర్వాత వారం రోజులకు మా ఆఫీసులో, ఉద్యోగుల అభిరుచులతో ఒక ప్రదర్శన పెడతామని, విదేశాల నుంచి పెద్దలు వస్తున్నారని నోటీసు పడింది. మన కారు పెడదామని నేనంటే ఆయన తువ్వాలుతో బండి అద్దాన్ని మళ్ళీ ఒకసారి తుడిచాడు. తర్వాత, "పక్కన చీటీ మీద మనిద్దరి పేర్లు రాయిస్తవా?" అని అడిగాడు. ఏడాది పొడుగునా ఆయన నన్ను అడిగింది ఆ ఒక్కటే. రాయిస్తానన్నాను.

మా మేనేజరు గారు చీటీ చూసి ఒక పేరు కొట్టేశారు. ఇది ఉద్యోగుల ప్రదర్శన అండీ, ఆయన మన ఉద్యోగి కాదు, కాంట్రాక్టరు మనిషి, రేపు వంటాయన, తోటమాలి కూడా వస్తామంటారు, అని మర్యాదగానే చెప్పారు. ఎంత మర్యాదో! ఆ మేనేజరు గారి బండి తలుపు మీద గీత పడితే ఆ కాంట్రాక్టరు మనిషే వచ్చి నున్నగా చేసి పెట్టలేదా? ఇలా అడగాలని ఇప్పుడు తోస్తోంది, అప్పుడు మాత్రం నీళ్ళు నమిలి బయటికొచ్చాను. డ్రైవరుకు ఆ సంగతి చెప్పనే లేదు. ఏదో ఒకటి చేయవచ్చులే, స్టేజి మీద నోటితో చెప్పేస్తాలే అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను.

ఆఫీసు ముందున్న ఖాళీ స్థలంలో షామియానా వేశారు. మధ్య బల్ల మీద మఖమల్ గుడ్డ, దాని మీద మా తెల్ల అంబాసిడర్, పక్కన చీటీ మీద నా పేరు. ఆయన ఆ రోజు డ్రైవరు చొక్కా వేసుకోలేదు, ఇస్త్రీ చేసిన గళ్ళ చొక్కా వేసుకుని భార్యను వెంటబెట్టుకుని వచ్చాడు. షామియానా చుట్టూ తాడు కట్టారు, తాడు దగ్గర కాపలా మనిషి ఉన్నాడు. డ్రైవర్లు పార్కింగు దాటి రావద్దని అతనికి చెప్పారట. అతనూ మెదక్ వైపు నుంచి వచ్చిన మనిషే, బతిమాలుతున్నట్టే ఏదో చెబుతున్నాడు. నేను స్టేజి మీద నుంచి చూశాను. భార్య చెంగు పట్టుకుని నిలబడింది, ఆయన తాడు మీద చెయ్యి వేసి వేళ్ళ మీద నిక్కి బల్ల వైపు చూస్తున్నాడు. నేను దిగి పది అడుగులు నడిస్తే చాలు. దిగలేదు.

విదేశీ పెద్దమనిషి కారును చేతిలోకి తీసుకుని మురిసిపోయి, ఇంత పని ఎవరి దగ్గర నేర్చుకున్నావని మైకులోనే అడిగాడు. మైకు నా చేతికిచ్చారు. మేనేజరు గారు మొదటి వరసలో కూర్చుని నా వైపే చూస్తున్నారు. నాలుగు నెలల తర్వాత నన్ను విదేశీ పనికి పంపాలా వద్దా అన్నది ఆయన చేతిలో ఉంది. పుస్తకాలు చూసి నా అంతట నేనే నేర్చుకున్నానని చెప్పాను. చప్పట్లు మోగాయి. సౌండు పెట్టెలను పార్కింగు వైపు తిప్పి పెట్టారని నాకు అప్పుడు గుర్తులేదు.

అక్కడితో అయిందా? మేనేజరు గారు లేచి, నన్ను ఒక్క మాటైనా అడక్కుండా, ఆ కారును మా కంపెనీ జ్ఞాపికగా ఆ పెద్దమనిషికి బహూకరించేశారు. అది పెట్టెలోకి, పెట్టె సముద్రాల అవతలికి వెళ్ళిపోయింది. ఎవడబ్బ సొమ్మని ఇచ్చాడని కొన్నేళ్ళ పాటు మా ఆవిడ దగ్గర, స్నేహితుల దగ్గర కారాలు మిరియాలు నూరాను. ఆ కోపం నాకు ఎంత వెసులుబాటుగా ఉండేదో చాలా ఆలస్యంగా తెలిసింది. నిజానికి ఆ బండిని మేనేజరు గారి కంటే అయిదు నిమిషాల ముందే నేను ఆ డ్రైవరు దగ్గర నుంచి తీసేసుకున్నాను.

ఆ సాయంత్రం ఆయన ఎప్పటిలాగే వ్యాను తలుపు తీసి, "రాండ్రి సార్" అన్నాడు. అందరూ దిగిపోయాక చివర మా ఇంటి దగ్గర ఆపి, "మంచిగ మాట్లాడిన్రు సార్" అన్నాడు. వెటకారం ఉందేమోనని వెతికాను, ఉంటే బాగుండేది. మరో నాలుగు నెలలు ఆయన బండిలోనే తిరిగాను. ఆదివారాలు వస్తానని నేను అనలేదు, రమ్మని ఆయనా అనలేదు, తమ్మీ అన్న పిలుపు మళ్ళీ వినలేదు. విదేశీ పని ముగించుకుని నేను తిరిగొచ్చేసరికి కాంట్రాక్టరు మారిపోయాడు. హఫీజ్‌పేట్ వెళితే ఆ వాటాలో వేరేవాళ్ళున్నారు. ఛాతీ జబ్బు ముదిరి ఊరికి వెళ్ళిపోయారని పక్కింటావిడ చెప్పింది, ఏ ఊరో ఆవిడకు తెలియదు. ఏడాది పాటు ఆ అరుగు మీద కూర్చున్న నేను కూడా ఆయన ఊరి పేరు అడగలేదు.

ఇప్పుడు అన్నీ మారాయి. ఇంట్లో కూర్చుని బండి పిలిస్తే, అది మలుపు తిరగకముందే నడిపే మనిషి పేరు, ఫోటో ఫోనులో కనిపిస్తాయి. దిగాక ఆ మనిషికి ఎన్ని చుక్కలు ఇవ్వాలో కూడా అదే అడుగుతుంది. చుక్కలిచ్చి దిగిపోతాం, పేరు మాత్రం అప్పుడే మరిచిపోతాం. ఆ రోజుల్లో పేరు తెలుసుకోవాలంటే మనిషిని అడగాలి, పక్కన కూర్చోవాలి. అలా కూర్చున్న అదృష్టం నాకు పట్టింది. ఆ పేరు పలకాల్సిన ఒకే ఒక్క క్షణం కూడా వచ్చింది, మైకుతో సహా. మాల్‌లోని ఆ కుర్రవాడి మీద నాకెందుకంత కోపం? అతనికి తెలియదు. తెలిసి చెప్పనివాణ్ణి నేను.

ఆ తెల్ల అంబాసిడర్ చేసిన మనిషి పేరు సాయిలు. నేను గరుకు కాగితం పట్టి రుద్దానంతే.