యాదగిరి సారు గొంతు

పంజాగుట్ట చౌరస్తాలో నిన్న ఎవరో ఫోన్‌లో అరిచి మాట్లాడుతుంటే ఆటోలోంచి తల బయటపెట్టి చూశాను. ఆయన కాదు. ఆయనైతే ఆ హారన్ల మోతలోనూ ప్రతి మాటా స్పష్టంగా వినబడేది. మా బీమా ఆఫీసు మేనేజరు యాదగిరి సారు పోయి రెండేళ్లవుతోంది. నా చెవులు ఇంకా ఆ గొంతునే వెతుక్కుంటున్నాయి.

ఆయనకు గుసగుసలంటే గిట్టదు. గుండెజబ్బు వాళ్లు మా కౌంటరుకి దర్జాగా వచ్చేవారు. మనసు జబ్బు వాళ్లు మాత్రం దొంగసొమ్ము అడుగుతున్నట్టు అద్దానికి నోరు ఆనించి మాట్లాడేవారు. సారు తన గదిలోంచే, "డిప్రెషనా? ఫికర్ చెయ్యకు తమ్మీ! గుండెకిచ్చినట్టే దీనికి సుత ఇయ్యాలె, చట్టంల ఉన్నది!" అని కేకేసేవారు. ఆఫీసంతా తిరిగి చూసేది. నాకైతే సిగ్గుతో చచ్చినంత పనయ్యేది.

నాన్న పోయాక మా అమ్మ తిండీ మాటా మానేసింది. అమీర్‌పేటలో మా ఇంటి దగ్గరి ఆసుపత్రిలో చేర్చాం. "నీరసం అని రాయండి డాక్టర్ గారూ, చుట్టాల్లో తలెత్తుకోలేం" అని మావయ్య బతిమాలుతున్నాడు. నాకేం తోచక సారుకి ఫోన్ చేస్తే, పని వదిలేసి వచ్చేశారు.

"నీరసమని రాపిస్తే నీరసానికే పైసలొస్తయన్నా. అక్క నెల రోజులుండాలంటున్నరు గద. జబ్బు పేరు చెప్పుండ్రి."

"కాస్త మెల్లగా అనండి సార్, నలుగురూ వింటారు" అన్నాడు మావయ్య.

సారు గొంతు తగ్గడం నేను చూసింది ఆ ఒక్కసారే. "మా తమ్ముని ముచ్చట ఇంట్ల అందరం మెల్లగనే మాట్లాడినం. దవాఖానకు తీస్కపోలే. వాడు మెల్లగనే పోయిండు."

మావయ్య డాక్టరు వైపు తిరిగి సరేనని తలూపాడు. డాక్టరు జబ్బు పేరే రాశారు. బీమా అందింది. అమ్మ నెలంతా అక్కడే ఉండి, కోలుకుని ఇంటికొచ్చింది.

అప్పట్నుంచి ప్రతి ఆదివారం పొద్దున సారు ఫోన్ చేసేవారు. "అక్కా, గోలీ ఏస్కున్నవా?" స్పీకరు పెట్టక్కర్లేదు, ఎదురు ఫ్లాటుకీ వినిపించేది. మొదట్లో అమ్మ గబగబా వెళ్లి తలుపు మూసేది. కొన్నాళ్లకి ఎదురింటావిడే, "ఏమండీ, వేసుకున్నారా?" అని పలకరించడం మొదలుపెట్టింది. ఆ తర్వాత అమ్మ తలుపు మూయడం మానేసింది.

ఇప్పుడా ఫోన్ రాదు. అయినా ఆదివారం పొద్దున అమ్మ టీవీ సౌండు తగ్గించి, ఫోన్ ఒళ్లో పెట్టుకుని కూర్చుంటుంది. చూడలేక మొన్న వంటింట్లోంచి నేనే అడిగాను.

"అమ్మా, మాత్ర వేసుకున్నావా?"

"వేసుకున్నానే" అంది. మళ్లీ తనే, "ఇంకాస్త గట్టిగా అడుగు" అంది.