పడవ సారు చెప్పని వాక్యం

సౌదీలో ధహ్రాన్ దగ్గర మా క్యాంపులో తెలుగువాళ్లకు ఏ ఇంగ్లీషు కాగితం వచ్చినా ముందు నా దగ్గరికే తెచ్చేవాళ్లు. నేను టైమ్‌కీపర్‌ని. డిగ్రీ రెండో ఏడాదిలో ఆగిపోయినవాణ్ణే అయినా, మా క్యాంపులో అంత చదివినవాడు ఇంకొకడు లేడు. అల్ అజీజియాలో పాత సామాన్ల దుకాణంలో కొన్న డిక్షనరీ, ఒక లావుపాటి నోటుబుక్కు నా మంచం తలాపున ఉండేవి. నోటుబుక్కులో ప్రతి పేజీకీ నడుమ గీత గీసి, ఎడమవైపు అర్థం, కుడివైపు వాడుక రాసేవాణ్ణి. అర్థం డిక్షనరీలో దొరుకుతుంది. వాడుకను మాత్రం మనుషుల నోట్లోంచి పట్టుకోవాలి. మా ఇంజనీరు ‘వీ విల్ సీ’ అన్నాడంటే ఆ పని ఇక కాదని. ‘విత్ డ్యూ రెస్పెక్ట్’ అన్నాడంటే తిట్టబోతున్నాడని.

శుక్రవారం అన్నాలు తిన్నాక మెస్సులో నిలబడి ఒక్కో మాట నేర్పేవాణ్ణి. నేర్పమని ఎవరూ అడగలేదు. నాలుగు ఇంగ్లీషు ముక్కలు వస్తే వాళ్లకే మంచిదనుకున్నాను.

ఆ ఏడాది సౌదీలకు ఎన్ని ఉద్యోగాలిచ్చారో చూసే నితాకత్ లెక్కలో మా కంపెనీ రెడ్‌లో పడింది. ఉండాల్సినంత మంది సౌదీలు లేరని మా ఇఖామాల, అంటే అక్కడ ఉండే పర్మిట్ల, రెన్యువల్ ఆపేశారు. పైన మనిషికింతని ప్రభుత్వానికి కట్టే లెవీలు. మేనేజరు అందరినీ ఎండలో నిలబెట్టి, ‘వీ ఆర్ ఆల్ ఇన్ ద సేమ్ బోట్’ అని చెప్పి కారెక్కి వెళ్లిపోయాడు. ఆ వారం నేను ఆ మాటే ఎత్తుకున్నాను. అందరం ఒకే పడవలో ఉన్నాం, అంటే అందరి కష్టం ఒకటేనని అర్థం చెప్పాను. వెనక బెంచీ మీద సెంట్రింగ్ మేస్త్రి కూర్చుని ఉన్నాడు. మాది పక్కపక్క మండలాలే.

“పడవ ఒక్కటే అంటున్నవ్ సారూ,” అన్నాడు. “మేమేమో ఎండల మాడుతం, నువ్వేమో ఏసీల గూసుంటవ్. నీ దిక్కు పడవకు కప్పు ఏసిన్రా ఏంది?”

పదకొండు మంది నవ్వారు. ఎవరెవరో ఇప్పటికీ చెప్పగలను. ఆ రోజు నుంచి నా పేరు పడవ సారు. హాజరు వేయించుకునేటప్పుడు కూడా అదే పిలుపు. నేను మెస్సులో మాట నేర్పడం మానేశాను. ఎందుకు మానేశావని ఒక్కడూ అడగలేదు. అది కూడా గుర్తుంది.

నెల తిరక్కముందే లెటర్లు వచ్చాయి. మా తెలుగువాళ్లలో మేస్త్రికి ఒక్కడికే వచ్చింది. మిగతావి బంగ్లాదేశ్, పాకిస్తాన్ వాళ్లవి. వాళ్లకు చదివిపెట్టేవాళ్లు వాళ్లకు ఉన్నారు. శుక్రవారం మధ్యాహ్నం మేస్త్రి స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, కాగితం పట్టుకుని నా గదికి వచ్చాడు. మంచం మీద కూర్చోమన్నా కూర్చోలేదు.

నేను ఏ లెటరైనా మొదట ఇంగ్లీషులో పైకి చదివేవాణ్ణి. తరువాత తెలుగులో అర్థం చెప్పేవాణ్ణి. ఆఖరున ఏం చెయ్యాలో చెప్పేవాణ్ణి. అందరికీ అంతే. మేస్త్రి లెటరు కూడా ఇంగ్లీషులో మొత్తం చదివాను, కావాలనే గబగబా. కంపెనీ అతన్ని ఫైనల్ ఎగ్జిట్ మీద, అంటే మళ్లీ రాకుండా ఇంటికి, పంపిస్తోంది. ఆ ముక్క తెలుగులో చెప్పాను. చివర ఇంకో వాక్యం ఉంది. వేరే యజమాని దగ్గరికి మారాలనుకునేవాళ్లు బుధవారంలోగా ఆఫీసులో రాసి ఇస్తే కంపెనీ అభ్యంతరం పెట్టదు. అది చెప్పకుండా ఆగాను.

అప్పుడు అతను తన సంగతి చెప్పాడు. ఉనైజాలో ఖర్జూరం తోటల దగ్గర అతని బామ్మర్ది పని చేస్తున్నాడట. అక్కడి కఫీల్, వీసా ఇచ్చే యజమాని, ఇతన్నీ తీసుకుంటానన్నాడట. ఇక్కడి కంపెనీ ఒప్పుకుంటే చాలు.

“దాని గురించి ఏమన్న రాసిన్రా సారూ?”

పడవ సారు అనలేదు. ఉత్త సారూ అన్నాడు. ఆ ఒక్క మాటకే నా మనసు కరగాల్సింది. నాకు మాత్రం పదకొండు మంది నవ్వు వినిపించింది.

“ఏం లేదు,” అన్నాను.

ఒక రోజు ఏడిపించి చెబుదామనుకున్నాను. రెండు రోజులయ్యాయి. మంగళవారం పొద్దున హాజరు దగ్గర మేస్త్రి నన్ను పక్కకు పిలిచాడు. బంగ్లా ఎలక్ట్రీషియన్‌కూ లెటరు వచ్చిందట, అయినా అతను వేరే కంపెనీకి మారుతున్నాడట, అదెట్లా అని అడిగాడు. ఇంకా ఒక రోజు గడువుంది. అప్పుడు నిజం చెబితే శుక్రవారం చెప్పింది అబద్ధమని ఒప్పుకోవాలి. మేస్త్రి ముందు తల వంచడం నాకు చేతకాలేదు.

“అతని వీసా వేరు మేస్త్రీ,” అన్నాను.

నమ్మాడు. వేరే వాళ్లకు చూపిస్తాడేమో అని రోజంతా భయపడ్డాను. చూపించలేదు. నువ్వు చదివినంక ఇంకెవలకు చూపియ్యాలె అని తరువాత అన్నాడు. నా ఇంగ్లీషును అందరి ముందు ఎగతాళి చేసిన మనిషే దాన్ని అంతగా నమ్మాడు.

వెళ్లే రోజు కుక్కర్, దుప్పటి తన గదివాళ్లకు ఇచ్చేశాడు. లెటరును మాత్రం ప్లాస్టిక్ కవర్లో పెట్టి పాస్‌పోర్టుతో పాటు జేబులో పెట్టుకున్నాడు. అది ఇక ఎందుకన్నాను.

“బిడ్డకు చూపిస్త. ఇంటర్ ఇంగ్లీష్ మీడియం సదువుతున్నది. నా పేరు ఇంగ్లీషుల ఎట్ల అచ్చేసిన్రో చూస్తది.”

బస్సు కిటికీలోంచి చెయ్యి ఊపాడు. నేనూ ఊపాను.

కొన్ని నెలలకు నా కుర్చీలో ఒక సౌదీ కుర్రాణ్ణి కూర్చోబెట్టారు. నా సామాను సర్దుకునే వారంలో ఫోనుకు ఒక ఫొటో వచ్చింది. మేస్త్రి నంబరు. అదే లెటరు. చివరి వాక్యం కింద నీలం పెన్నుతో గీత. ఆ గీత కింద ఆడపిల్ల చేతిరాతలో, గుండ్రటి తెలుగు అక్షరాలతో దాని అర్థం. ఇంకేమీ లేదు. తిట్టు లేదు, ప్రశ్న లేదు. పడవ సారు అని కూడా లేదు.

అతను ఆ రోజు మెస్సులో నా మీద నవ్వించడం తప్పేనని ఇప్పటికీ అంటాను. కానీ ఆ ఫొటో వచ్చిన రోజు నేను చేసిన పని మాత్రం ఎవరికీ చెప్పలేదు. ఆ పిల్ల రాసిన అర్థంలో తప్పు దొరుకుతుందేమోనని డిక్షనరీ తీసి మూడుసార్లు సరిచూశాను.

దొరకలేదు.